ఇంటి కంప్యూటర్ నుంచి డేటాబేస్ కనెక్ట్ అవ్వట్లేదా? సర్వర్ రీస్టార్ట్ చేసే ముందు ఇవి చూడండి

రాత్రి తొమ్మిదిన్నరకి తెనాలి నుంచి బాబాయ్ ఫోన్. మామూలుగా ఆ టైంలో ఆయన ఫోన్ చెయ్యరు. అన్నం తిని, షాపు పైనే ఉన్న ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఆ రోజు లెక్కలు చూసుకుంటారు.

"ఏరా, నీ సాఫ్ట్‌వేర్ ఓపెన్ అవ్వట్లేదు. ఏదో ఇంగ్లీషులో ఎర్రర్ ఇస్తోంది."

ఆ రోజు పదో తారీఖు. మర్నాడు జీఎస్టీఆర్-1 ఫైల్ చెయ్యడానికి ఆఖరి రోజు. ఆడిటర్‌కి నెల అమ్మకాల రిపోర్ట్ పంపాలి. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది. ఆ డేటాబేస్‌లో అమ్మకాలతో పాటు అప్పుల ఖాతా కూడా ఉంది. ఏ మేస్త్రీ ఎన్ని పైపులు పట్టుకెళ్లాడు, ఎవరు ఎంత బాకీ, అన్నీ అందులోనే. బీటెక్ ఫైనల్ ఇయర్‌లో నేను ప్రాజెక్ట్‌గా రాసిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అది. పుస్తకంలో రాసుకునే ఆయన్ని కంప్యూటర్ వైపు తిప్పింది నేనే. ఫోన్ పెట్టేసే ముందు ఆయన అన్న మాట ఇంకా గుర్తుంది: "నీ మాట నమ్మి పుస్తకం మూసేశాన్రా."

ఆ రాత్రి ప్రాబ్లం ఏంటో తెలియడానికి నాకు దాదాపు రెండు గంటలు పట్టింది. సరైన వరుసలో చూసుంటే పది నిమిషాల పని. ఆ వరుస ఏంటో ఈ ఆర్టికల్‌లో చెప్తాను. మీరు డెవలపర్ అయినా, ఇంటి నుంచి ఆఫీస్ డేటాబేస్ వాడేవాళ్లయినా, క్లౌడ్‌లో చిన్న సర్వర్ పెట్టుకున్న స్టూడెంట్ అయినా ఇది పనికొస్తుంది.

నేను చేసిన మొదటి తప్పు

సెటప్ ఇది. క్లౌడ్‌లో ఒక చిన్న లినక్స్ సర్వర్, దాంట్లో మైఎస్‌క్యూఎల్. బాబాయ్ కంప్యూటర్‌లో విండోస్, దాంట్లో నేను రాసిన బిల్లింగ్ యాప్. యాప్ నేరుగా ఇంటర్నెట్ మీదుగా సర్వర్‌లోని 3306 పోర్ట్‌కి కనెక్ట్ అవుతుంది.

నేను హైదరాబాద్‌లో నా రూమ్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో సర్వర్‌లోకి లాగిన్ అయ్యాను. అక్కడే మైఎస్‌క్యూఎల్ ఓపెన్ చేస్తే చక్కగా పనిచేసింది. "నాకు బాగానే వస్తోంది బాబాయ్, మీ నెట్ చూసుకోండి" అన్నాను. ఆయన నెట్‌లో యూట్యూబ్ ఆడుతోంది. మొబైల్ హాట్‌స్పాట్ ఆన్ చేయించాను, దాంతోనూ రాలేదు. రెండు నెట్‌లతోనూ రాలేదంటే సర్వర్‌దే తప్పు అనుకున్నాను. మైఎస్‌క్యూఎల్ రీస్టార్ట్ చేశాను. తర్వాత సర్వర్ మొత్తం రీబూట్ చేశాను. ఏమీ మారలేదు.

ఇక్కడ నేను రెండు చోట్ల పొరపాటు పడ్డాను. ఒకటి, నేను టెస్ట్ చేసింది సర్వర్ లోపలి నుంచి. ఇంటి లోపల నిలబడి వీధి తలుపు తెరుచుకుంటుందో లేదో చెప్పినట్టు. రెండు, హాట్‌స్పాట్ టెస్ట్‌ని తప్పుగా అర్థం చేసుకున్నాను. అది ఎందుకు తప్పో కింద చెప్తాను.

ఎర్రర్ మెసేజ్‌ని పూర్తిగా చదవండి

"కనెక్ట్ అవ్వట్లేదు" అనేది ప్రాబ్లం పేరు కాదు. అసలు ప్రాబ్లం ఎర్రర్ మెసేజ్‌లో ఉంటుంది. ముఖ్యంగా ఈ తేడాలు గుర్తుపెట్టుకోండి.

అన్‌నోన్ హోస్ట్ (మైఎస్‌క్యూఎల్‌లో 2005): సర్వర్ పేరుని ఐపీ అడ్రస్‌గా మార్చడమే కుదరలేదు. స్పెల్లింగ్ తప్పు కావచ్చు, డీఎన్ఎస్ ప్రాబ్లం కావచ్చు. పాస్‌వర్డ్ దాకా వెళ్లలేదు.

కనెక్షన్ టైమ్డ్ అవుట్: మీ కంప్యూటర్ తలుపు కొట్టింది, అటు నుంచి ఉలుకూ పలుకూ లేదు. చాలాసార్లు మధ్యలో ఏదో ఫైర్‌వాల్ మీ ప్యాకెట్లని చప్పుడు చెయ్యకుండా పడేస్తోందని అర్థం. సర్వర్ ఆఫ్‌లో ఉన్నా ఇదే వస్తుంది.

కనెక్షన్ రెఫ్యూజ్డ్: ఇది కొంచెం మంచి వార్తే. అటువైపు మెషీన్ జవాబిచ్చింది, కానీ ఆ పోర్ట్‌లో ఎవరూ వినట్లేదు. డేటాబేస్ ఆగిపోయి ఉండొచ్చు, పోర్ట్ నంబర్ తప్పు కావచ్చు, లేదా డేటాబేస్ లోపలి కనెక్షన్లు మాత్రమే తీసుకునేలా సెట్ అయ్యి ఉండొచ్చు. కొన్ని ఫైర్‌వాల్స్ కూడా ఇలా తిప్పి పంపుతాయి.

హోస్ట్ ఈజ్ నాట్ అలౌడ్ (1130): నెట్‌వర్క్ అంతా ఓకే. డేటాబేస్‌కే మీ అడ్రస్ నచ్చలేదు.

యాక్సెస్ డినైడ్ (1045): మీరు డేటాబేస్ గుమ్మం దాకా వచ్చేశారు. యూజర్ నేమ్, పాస్‌వర్డ్, లేదా ఆ యూజర్ ఏ హోస్ట్ నుంచి రావచ్చనే రూల్, ఈ మూడింట్లో ఏదో ఒకటి కలవలేదు.

మొదటి మూడూ నెట్‌వర్క్ సంగతులు, చివరి రెండూ డేటాబేస్ సంగతులు. టైమ్డ్ అవుట్ వస్తుంటే పాస్‌వర్డ్ పదిసార్లు మార్చినా ఉపయోగం లేదు. యాక్సెస్ డినైడ్ వస్తుంటే ఫైర్‌వాల్‌తో పనిలేదు.

బాబాయ్‌ని ఎర్రర్ మొత్తం చదవమన్నాను. నంబర్ 2003 అన్నారు. ఇది కాస్త తికమక పెట్టే నంబర్. సర్వర్‌ని చేరుకోలేకపోయాం అనే దానికి మైఎస్‌క్యూఎల్ క్లయింట్ ఇచ్చే కోడ్ ఇది, టైమ్డ్ అవుటా రెఫ్యూజ్డా అనేది దీంతో తెలియదు. బ్రాకెట్‌లో ఇంకో చిన్న నంబర్ ఉంటుంది చూడండి, అసలు కారణం అది చెప్తుంది. విండోస్‌లో 10060 అంటే టైమ్డ్ అవుట్, 10061 అంటే రెఫ్యూజ్డ్. బాబాయ్ చదివింది 10060. అంటే ఫైర్‌వాల్ వైపు చూడాలి. నేనేమో అప్పటికే సర్వర్‌ని రెండుసార్లు రీస్టార్ట్ చేసి కూర్చున్నాను.

పింగ్ కాదు, పోర్ట్ టెస్ట్ చెయ్యండి

చాలామంది పింగ్ చేసి "సర్వర్ డౌన్" అనేస్తారు. పింగ్ వాడేది ఐసీఎంపీ, డేటాబేస్ వాడేది టీసీపీ. పింగ్ బ్లాక్ చేసిన సర్వర్‌లో డేటాబేస్ హాయిగా నడుస్తూ ఉండొచ్చు. పింగ్ వచ్చినంత మాత్రాన పోర్ట్ తెరిచి ఉందనీ కాదు.

విండోస్‌లో పవర్‌షెల్ ఓపెన్ చేసి టెస్ట్-నెట్‌కనెక్షన్ అనే కమాండ్ ఇవ్వండి. పక్కన సర్వర్ అడ్రస్, తర్వాత మైనస్ పోర్ట్ అని పెట్టి పోర్ట్ నంబర్ ఇవ్వాలి. చివర్లో టీసీపీ టెస్ట్ సక్సీడెడ్ అనే లైన్ వస్తుంది. దాని ఎదురుగా ట్రూ ఉంటే దారి తెరిచి ఉన్నట్టు. ఫాల్స్ ఉంటే దారిలోనే అడ్డం ఉన్నట్టు. లినక్స్, మ్యాక్ వాళ్లకి నెట్‌క్యాట్ ఇదే పని చేస్తుంది.

డిఫాల్ట్ పోర్ట్‌లు ఇవి: మైఎస్‌క్యూఎల్, మరియాడీబీకి 3306. పోస్ట్‌గ్రెస్‌కి 5432. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి 1433. మాంగోడీబీకి 27017.

ఒక జాగ్రత్త. మైఎస్‌క్యూఎల్ పోర్ట్‌ని ఇలా ఊరికే తట్టి వెళ్లిపోతే, సర్వర్ దాన్ని సగంలో తెగిపోయిన కనెక్షన్‌గా లెక్కేస్తుంది. మధ్యలో ఒక్క మంచి కనెక్షన్ కూడా లేకుండా అలాంటివి ఎక్కువైతే (డిఫాల్ట్ లిమిట్ 100) మీ అడ్రస్‌ని బ్లాక్ చేసి 1129 ఎర్రర్ ఇస్తుంది. అప్పుడు సర్వర్‌లో హోస్ట్ క్యాష్ ఖాళీ చెయ్యాలి. కాబట్టి టెస్ట్‌ని లూప్‌లో పెట్టి వదిలెయ్యకండి.

బాబాయ్ కంప్యూటర్‌లో ఫాల్స్ వచ్చింది.

"ఏమైనా మార్చారా?" అని అడగొద్దు

మొదట్లోనే అడిగాను: "బాబాయ్, ఏమైనా సెట్టింగ్స్ మార్చారా?"

"నేనేం ముట్టుకోలేదురా."

గంటన్నర తర్వాత పక్క నుంచి పిన్ని అంది: "మధ్యాహ్నం నెట్ వాళ్లొచ్చి కొత్త డబ్బా పెట్టారు కదండీ, అది చెప్పారా?"

"దానికీ దీనికీ ఏం సంబంధం?" అన్నారు బాబాయ్.

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన దృష్టిలో సెట్టింగ్స్ అంటే కంప్యూటర్‌లోవి. నెట్ కనెక్షన్ మార్చడం కరెంట్ మీటర్ మార్చడం లాంటిది, సాఫ్ట్‌వేర్‌తో పనేముంది? తప్పు నా ప్రశ్నదే. అప్పటి నుంచి ఎవరికి సపోర్ట్ ఇచ్చినా ఇలా అడుగుతున్నాను: "ఆఖరిసారి ఎప్పుడు పనిచేసింది? అప్పటి నుంచి ఇప్పటిదాకా ఇంట్లో ఏం జరిగింది?"

సంబంధం ఏంటంటే, సర్వర్ ఫైర్‌వాల్‌లో నేను 3306 పోర్ట్‌ని ఒకే ఒక్క ఐపీ అడ్రస్‌కి తెరిచి ఉంచాను. అది పాత బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చిన స్టాటిక్ ఐపీ. కొత్త కనెక్షన్‌తో అడ్రస్ మారింది, ఫైర్‌వాల్ తలుపు వేసేసింది. హాట్‌స్పాట్‌తో రాకపోవడానికీ కారణం అదే: మొబైల్ నెట్‌వర్క్ ఐపీ కూడా ఆ లిస్ట్‌లో లేదు. సర్వర్ తన పని తాను కరెక్ట్‌గా చేసింది.

మీ ఐపీ ఏంటో మీకు నిజంగా తెలుసా?

"బ్రౌజర్‌లో వాట్ ఈజ్ మై ఐపీ అని కొట్టి, వచ్చింది చదవండి బాబాయ్" అన్నాను. ఆయన అంకెలు, ఇంగ్లీష్ అక్షరాలు, మధ్యలో రెండు చుక్కలు కలిపి పెద్ద దండకం చదివారు. అది ఐపీవీ6 అడ్రస్. నేను దాన్ని ఫైర్‌వాల్‌లో పెట్టాను. పనిచెయ్యలేదు.

ఎందుకంటే మా సర్వర్‌కి ఉన్నది ఐపీవీ4 అడ్రస్ మాత్రమే. బ్రౌజర్ ఆ వెబ్‌సైట్‌కి ఐపీవీ6లో వెళ్లింది, మా యాప్ మాత్రం సర్వర్‌కి ఐపీవీ4లోనే వెళ్తుంది. ఇప్పుడు మన దగ్గర చాలా కనెక్షన్లకి రెండూ వస్తున్నాయి కాబట్టి ఈ పొరపాటు సులువుగా జరుగుతుంది. ఐపీ చూపించే సైట్‌లో ఐపీవీ4 అని విడిగా ఉన్నదే తీసుకోండి.

అది పెట్టగానే టెస్ట్ ట్రూ అయింది. యాప్ ఓపెన్ చేస్తే కొత్త ఎర్రర్: 1130. కొత్త ఎర్రర్ వస్తే కంగారు పడకండి, ఒక అడుగు ముందుకు వచ్చినట్టే. మైఎస్‌క్యూఎల్‌లో యూజర్ అంటే పేరు ఒక్కటే కాదు, పేరు ప్లస్ హోస్ట్. బిల్లింగ్ యూజర్‌ని కూడా నేను పాత ఐపీతోనే క్రియేట్ చేసి ఉన్నాను. రీనేమ్ యూజర్ కమాండ్‌తో హోస్ట్ మార్చాను. పర్మిషన్స్ అలాగే ఉంటాయి, మళ్లీ ఇవ్వక్కర్లేదు.

పోస్ట్‌గ్రెస్ వాడేవాళ్లకి ఇదే సంగతి పీజీ హెచ్‌బీఏ ఫైల్‌లో ఉంటుంది. దాంతో పాటు లిజన్ అడ్రసెస్ సెట్టింగ్ కూడా చూడండి, డిఫాల్ట్‌గా అది లోకల్‌హోస్ట్ మాత్రమే. ఉబుంటులో మైఎస్‌క్యూఎల్ బైండ్ అడ్రస్ కూడా డిఫాల్ట్‌గా 127.0.0.1. బయట నుంచి రెఫ్యూజ్డ్ వస్తే మొదట చూడాల్సింది ఇక్కడే.

పదకొండున్నరకి రిపోర్ట్ వచ్చింది. ఆడిటర్‌కి వాట్సాప్‌లో పంపించి బాబాయ్ పడుకున్నారు.

తెల్లారేసరికి మళ్లీ అదే కథ

ఉదయం ఏడున్నరకి ఫోన్. "ఏరా, మళ్లీ రావట్లేదు. షాపులో మనుషులు నిలబడ్డారు." రాత్రి కరెంట్ పోయి రూటర్ రీస్టార్ట్ అయింది. ఐపీ మళ్లీ మారింది.

రూటర్ పేజీలో వ్యాన్ ఐపీ చూస్తే 100.72తో మొదలైంది. అప్పుడు అర్థమైంది, ఇది సీజీనాట్. అంటే కంపెనీ తన దగ్గరున్న ఒక్కో పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకి కలిపి వాడుతోంది. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అడ్రస్‌లని 2012లో ప్రత్యేకంగా దీని కోసమే పక్కన పెట్టారు. మీ రూటర్‌లో ఈ రేంజ్ కనిపించినా, రూటర్‌లో ఉన్న ఐపీ, బయట సైట్ చూపించే ఐపీ వేరువేరుగా ఉన్నా, మీరు సీజీనాట్ వెనక ఉండే అవకాశం ఎక్కువ.

దీనితో రెండు చిక్కులు. ఐపీ ఎప్పుడు మారుతుందో మన చేతుల్లో ఉండదు. అంతేకాదు, ఆ ఐపీని ఫైర్‌వాల్‌లో పెడితే, అదే ఐపీ పంచుకుంటున్న ముక్కూ మొహం తెలియని ఇళ్లన్నిటికీ తలుపు తీసినట్టే.

అందరికీ తెరిచేద్దాం అనిపించే క్షణం

షాపులో కస్టమర్లు నిలబడి ఉన్నారు. ఫైర్‌వాల్ పేజీ నా ముందు ఓపెన్‌లో ఉంది. ఐపీ డబ్బాలో 0.0.0.0/0 అని కొడితే చాలు, ప్రపంచంలో ఎక్కడి నుంచైనా కనెక్ట్ అవుతుంది, ఇక ఎప్పటికీ ఈ గోల ఉండదు. "ఒక్క రోజుకే, సాయంత్రం తీసేద్దాం" అనుకున్నాను. వేలు కీబోర్డ్ మీద ఉంది.

ఆగింది ఒక పాత అనుభవం వల్ల. కాలేజ్‌లో ఉన్నప్పుడు ఒక టెస్ట్ సర్వర్‌ని ఇలాగే అందరికీ తెరిచి పెట్టాను. మర్నాడు లాగ్ చూస్తే రూట్ యూజర్ మీద వరసగా యాక్సెస్ డినైడ్ లైన్లు, అన్నీ నాకు తెలియని అడ్రస్‌ల నుంచి. ఎవరో నన్ను వెతుక్కుంటూ రాలేదు. ఇంటర్నెట్ మొత్తాన్ని స్కాన్ చేస్తూ తెరిచిన పోర్ట్‌లు వెతికే బాట్స్ పని అది. 2017 జనవరిలో పాస్‌వర్డ్ లేకుండా తెరిచి ఉన్న వేలాది మాంగోడీబీ డేటాబేస్‌లని ఇలాగే వెతికి, డేటా తుడిచేసి, డబ్బులు కడితే తిరిగిస్తామని నోట్ పెట్టి వెళ్లారు.

అది నా టెస్ట్ సర్వర్. ఇది బాబాయ్ అప్పుల ఖాతా. పోతే పుస్తకం కూడా లేదు.

"బాబాయ్, ఒక అరగంట కాగితం మీద రాయండి. తర్వాత ఎక్కిద్దాం" అన్నాను. రెండు సెకన్లు మాట్లాడలేదు. "సరే, కానీ" అన్నారు.

అరగంటలో అయిన పర్మనెంట్ సొల్యూషన్: ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్

ఐడియా సింపుల్. డేటాబేస్‌ని ఇంటర్నెట్‌కి అస్సలు చూపించం. బాబాయ్ కంప్యూటర్ నుంచి సర్వర్‌కి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా ఎన్‌క్రిప్ట్ అయిన ఒక గొట్టం వేస్తాం. డేటాబేస్ ట్రాఫిక్ ఆ గొట్టంలోంచి వెళ్తుంది. పైపుల షాపు ఆయనకి ఈ మాట చెప్పగానే అర్థమైంది.

స్టెప్ 1: విండోస్ 10లో 2018 నుంచి ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ దాంట్లోనే వస్తోంది, వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఎస్‌ఎస్‌హెచ్ కీజెన్‌తో కీ జత తయారు చేసి, పబ్లిక్ కీని మాత్రమే సర్వర్‌లో పెట్టండి. ప్రైవేట్ కీ ఆ కంప్యూటర్ దాటకూడదు.

స్టెప్ 2: సర్వర్‌లో పాస్‌వర్డ్‌తో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ ఆపేసి, కీ ఉంటేనే లోపలికి వచ్చేలా పెట్టండి. ఆపే ముందు కీతో ఒకసారి లాగిన్ అయి చూసుకోండి, లేకపోతే మీరే బయట ఉండిపోతారు. టన్నెల్ కోసం విడిగా ఒక యూజర్ పెట్టి, ఆ కీకి పోర్ట్ ఫార్వర్డింగ్ తప్ప వేరే పర్మిషన్ ఇవ్వకపోవడం మంచిది.

స్టెప్ 3: ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్‌లో మైనస్ క్యాపిటల్ ఎల్ ఆప్షన్ పక్కన 3307:127.0.0.1:3306 అని ఇవ్వండి. ఈ కంప్యూటర్‌లో 3307కి వచ్చినదాన్ని సర్వర్ లోపల 3306కి పంపించు అని దాని అర్థం. మైనస్ క్యాపిటల్ ఎన్ కూడా పెడితే షెల్ ఓపెన్ అవ్వకుండా టన్నెల్ మాత్రమే నడుస్తుంది.

స్టెప్ 4: యాప్ సెట్టింగ్స్‌లో సర్వర్ అడ్రస్ 127.0.0.1, పోర్ట్ 3307 అని మార్చండి. ఇప్పుడు మైఎస్‌క్యూఎల్‌కి కనెక్షన్ సర్వర్ లోపలి నుంచి వచ్చినట్టే కనిపిస్తుంది కాబట్టి, ఆ యూజర్ హోస్ట్ లోకల్‌హోస్ట్ అయ్యుండాలి.

స్టెప్ 5: ఊరికే ఉన్న కనెక్షన్లని సీజీనాట్ మధ్యలో తెంపేస్తుంది. సర్వర్ అలైవ్ ఇంటర్వల్ ఆప్షన్‌ని 60కి పెడితే, అవతలి నుంచి కదలిక లేనప్పుడు నిమిషానికోసారి చిన్న పలకరింపు వెళ్తుంది. టాస్క్ షెడ్యూలర్‌లో పెడితే కంప్యూటర్ ఆన్ అవగానే టన్నెల్ దానంతట అదే మొదలవుతుంది.

స్టెప్ 6: అన్నీ పనిచేశాక ఫైర్‌వాల్‌లో 3306 రూల్ తీసెయ్యండి. బైండ్ అడ్రస్ తిరిగి 127.0.0.1కి మార్చండి. ఈ స్టెప్ మర్చిపోతే పైన చేసిందంతా వేస్ట్.

ముగ్గురు నలుగురు వేరువేరు చోట్ల నుంచి వాడేట్టయితే వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ ఇంకా సుఖం. ఒక్క కంప్యూటర్‌కైతే టన్నెల్ చాలు.

ఇంకో చిన్న సంగతి: కనెక్ట్ అవుతోంది కానీ పెద్ద రిపోర్ట్ దగ్గర ఆగిపోతోందా? అది పాస్‌వర్డ్ ప్రాబ్లం కాదు, ఎంటీయూ కావచ్చు. పీపీపీఓఈ వాడే ఫైబర్ కనెక్షన్లలో ప్యాకెట్ సైజ్ 1500 బదులు 1492 వరకే పడుతుంది, వీపీఎన్ వాడితే ఇంకా తగ్గుతుంది. చిన్న క్వెరీలు వెళ్లి పెద్దవి ఇరుక్కుంటే అటువైపు చూడండి.

చివరిగా

క్రమం ఒక్కసారి: పేరు ఐపీగా మారుతోందా, పోర్ట్ దాకా దారి ఉందా, డేటాబేస్ వింటోందా, మీ అడ్రస్‌ని ఒప్పుకుంటోందా, పాస్‌వర్డ్ కరెక్టేనా. ఇదే వరుసలో వెళ్లండి. ప్రతి టెస్ట్ ప్రాబ్లం ఉన్న కంప్యూటర్ నుంచే చెయ్యండి, మీ దగ్గర నుంచి కాదు. సర్వర్ రీస్టార్ట్ ఆఖరి మందు, మొదటిది కాదు.

ఎనిమిదింపావుకి టన్నెల్ మీద మొదటి బిల్లు పడింది. అరగంటలో కాగితం మీద రాసిన ఆరు బిల్లులు బాబాయ్ ఒక్కొక్కటిగా ఎక్కించారు. ఆ సాయంత్రమే ఇంకో పని కూడా చేశాను. రోజూ రాత్రి డేటాబేస్ బ్యాకప్ వేరే చోట సేవ్ అయ్యేలా పెట్టి, అప్పుల ఖాతా మాత్రం నెలకోసారి ప్రింట్ తీసేలా ఒక బటన్ ఇచ్చాను. మొదటి ప్రింట్‌ని బాబాయ్ పాత పుస్తకంలోనే పెట్టి బీరువాలో దాచారట. పిన్ని చెప్పింది.